ఆటలు తయారుచేసేవారికి బహిరంగ లేఖ: మాకు ఆపే వీలు ఇవ్వండి

గౌరవనీయులైన వీడియో గేమ్ రూపకర్తలకు, వాటిని విడుదల చేసే సంస్థల పెద్దలకు,

నమస్కారం.

నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పదేళ్ల వయసు నుంచి మీ ఆటలు ఆడుతున్నాను, ఇకముందూ ఆడతాను. ఆటలు మానిపించమని అడిగే లేఖ కాదిది. నేను ఆడే ఒక ఆట సంస్థ సహాయ విభాగానికి మూడుసార్లు రాశాను. మూడుసార్లూ అక్షరం మారకుండా ఒకే జవాబు వచ్చింది, యంత్రం పంపింది. నా ఉత్తరం ఏ మనిషీ చదవలేదని అర్థమయ్యాక, అందరూ చదివేలా ఇలా రాస్తున్నాను.

జరిగింది చెబుతాను. ఒక ఆదివారం సాయంత్రం ఐదుగురి జట్టులో ర్యాంక్ మ్యాచ్, అంటే గెలుపోటములను బట్టి ఆటగాడి స్థాయి మారే పోటీ, ఆడుతున్నాను. మొదలై 22 నిమిషాలైంది. పక్క గదిలోంచి తాతయ్య నన్ను పిలిచారు. గట్టిగా కాదు, మామూలుగానే. "ఒక్క నిమిషం తాతయ్యా" అన్నాను. ఆయన మళ్లీ పిలవలేదు. నాలుగైదు నిమిషాలకు అమ్మ బయటి నుంచి వచ్చి చూసేసరికి మంచం పక్కన నేల మీద కూలబడి ఉన్నారు. షుగర్ పడిపోయి, కళ్లు తిరిగి, లేవలేకపోయారు. అమ్మ కేక విని హెడ్‌సెట్ పడేసి పరుగెత్తాను. ఆ రాత్రికే తాతయ్య తేరుకున్నారు. మర్నాడు కంప్యూటర్ తెరిస్తే, మ్యాచ్ మధ్యలో వదిలేసినందుకు ర్యాంక్ పాయింట్లు పోయాయి, కొంతకాలం ఆడకుండా నిషేధం పడింది, నా జట్టు నలుగురూ నా మీద రిపోర్ట్ కొట్టారు. వాళ్లను తప్పుపట్టను. వాళ్ల దృష్టిలో నేను మాట మాత్రం చెప్పకుండా పారిపోయినవాణ్ణి. వాళ్ల అరగంట నావల్ల పాడైంది కూడా.

నా బాధ ఆ పాయింట్ల గురించి కాదు. "ఒక్క నిమిషం" అన్న ఆ మాట గురించి. అది నా తప్పే, మీ మీదికి నెట్టను. కానీ ఆ క్షణంలో నా ముందున్నవి రెండే దారులు: పిలుపు విననట్టు ఉండిపోవడం, లేదా నలుగురిని ముంచి లేచిపోవడం. మూడో దారిని ఆటలో ఎవరూ పెట్టలేదు.

ఆటలు ఆడే పిల్లలున్న ఏ ఇంట్లోనైనా రోజూ వినిపించే మాట "ఒక్క నిమిషం". ఆ నిమిషం అరగంట అవుతుంది. అమ్మానాన్నలకు అది అబద్ధంలా, లెక్కలేనితనంలా తోస్తుంది. టీవీ కట్టేసినట్టు, పుస్తకం మూసినట్టు ఆట కూడా ఆగుతుందని వాళ్లు అనుకుంటారు. ఆగదని, ఆపితే శిక్ష పడుతుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మేం చెప్పినా నమ్మరు. ఏళ్ల తరబడి ఇంట్లో జరిగే గొడవల్లో సగం ఈ ఒక్క చోటే పుడతాయి.

ఆపే వీలు మీకు కొత్త సంగతేమీ కాదు. 1976లో వచ్చిన ఫెయిర్‌చైల్డ్ ఛానెల్ ఎఫ్ అనే వీడియో గేమ్ యంత్రం మీదే "హోల్డ్" అనే మీట ఉంది. జెర్రీ లాసన్ నాయకత్వంలో పనిచేసిన బృందం తయారుచేసిన ఆ యంత్రంలో అది నొక్కితే ఆట ఉన్నచోటే నిలిచిపోయేది. 1987లో అమెరికాలో విడుదలైన ద లెజెండ్ ఆఫ్ జెల్డా ఆట క్యాట్రిడ్జ్ (యంత్రంలో పెట్టే ఆట డబ్బా) లోపల చిన్న బ్యాటరీ పెట్టారు, ఆట ఎక్కడ ఆపామో యంత్రం కట్టేసినా గుర్తుండేలా. 2006లో వచ్చిన వీ స్పోర్ట్స్ ఆట, కాసేపు ఆడాక విరామం తీసుకోమని తనంతట తానే అడిగేది. మీ ముందుతరం వాళ్లు ఇంత శ్రద్ధ పెట్టిన విషయం ఇది. వాళ్ల యంత్రాల కంటే మీ యంత్రాలు ఎన్నో రెట్లు శక్తివంతమైనవి. ఆపడం మాత్రం కష్టమైపోయింది.

ఆపగలిగే ఆట నాకేం ఇచ్చిందో కూడా చెప్పాలి. కక్ష్యల పాఠం నాకు తరగతిలో ఎక్కలేదు. కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే రాకెట్ల ఆటలో ఎక్కింది. ఒకే కక్ష్యలో మన ముందు పోతున్న నౌకను అందుకోవాలంటే వేగం పెంచకూడదు, తగ్గించాలి. తగ్గిస్తే కింది కక్ష్యలోకి దిగుతాం, అక్కడ చుట్టు తొందరగా పూర్తవుతుంది. ఎన్నో రాకెట్లు కూల్చుకుంటేగాని ఇది నా తలకెక్కలేదు. ప్రతిసారీ ఆట ఆపి, కాగితం మీద బొమ్మ గీసుకుని, నోట్‌బుక్ తిరగేసి, మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. ఆపే వీలు లేకపోతే ఆ పాఠం నాకు ఇప్పటికీ వచ్చేది కాదు.

ఇక నా విన్నపాలు వరుసగా రాస్తున్నాను.

1. మ్యాచ్ మధ్యలో లేవాల్సి వస్తే ఒక దారి పెట్టండి.

పదిమంది ఆడే ఆటను ఒక్కరి కోసం ఎలా ఆపుతామని మీరు అడుగుతారు. ఆ ఇబ్బంది నాకు తెలుసు. ఓడిపోతున్న ప్రతివాడూ ఆపు మీట నొక్కుతూ కూర్చుంటే గెలిచేవాళ్లకు విసుగొస్తుంది. అయినా డోటా 2 అనే జట్టు ఆటలో ఆడేవాళ్లు మ్యాచ్‌ను కాసేపు నిలపగలరు. మిగతావాళ్లు ఆగుతారు, చాట్‌లో నాలుగు మాటలు అనుకుంటారు, మళ్లీ ఆడతారు. ఆ ఆట దానివల్ల చెడిపోలేదు, పెద్ద పెద్ద పోటీలు ఇప్పటికీ జరుగుతున్నాయి.

చదరంగం వాళ్లు ఈ చిక్కును ఎప్పుడో విప్పుకున్నారు. ఆట పొద్దుపోయే దాకా సాగితే, ఎత్తు వేయాల్సిన ఆటగాడు దాన్ని ఎవరికీ చూపకుండా కాగితం మీద రాసి కవరులో పెట్టి అంటించేవాడు. కవరు నిర్ణేత దగ్గర ఉండేది. మర్నాడు దాన్ని తెరిచి అక్కడి నుంచి కొనసాగించేవారు. 1972లో ఫిషర్, స్పాస్కీల ప్రపంచ పోటీ చివరి ఆట అలాగే వాయిదా పడింది. మర్నాడు స్పాస్కీ ఫోన్ చేసి ఓటమి ఒప్పుకున్నాడు. ప్రపంచమంతా కళ్లప్పగించి చూసిన ఆటే ఒక రాత్రి ఆగింది. మా ఆదివారం మ్యాచ్ మూడు నిమిషాలు ఆగలేదా?

నేను అడిగేవి ఇవి. జట్టుకు మ్యాచ్‌లో ఒకసారైనా రెండు మూడు నిమిషాల విరామం ఇవ్వండి. ఇంట్లో అత్యవసరమని ఒక్క నొక్కుతో జట్టుకు చెప్పే మీట పెట్టండి, అప్పుడు వెళ్లినవాడు పారిపోయినవాడు కాడు. నెలల తరబడి ఒక్క మ్యాచ్ కూడా వదలనివాడికి, రోజుకు మూడు వదిలేసేవాడికి ఒకే శిక్ష వేయకండి, మొదటిసారి క్షమించండి. ఇంకొకటి, ఇది అన్నిటికంటే తేలిక: మ్యాచ్ వెతకడం మొదలుపెట్టే ముందే, ఈ తరహా మ్యాచ్ మామూలుగా ఎంతసేపు పడుతుందో తెర మీద పెద్ద అక్షరాల్లో చూపండి. ఆ లెక్క మీ దగ్గర ఉంది. అది మాకు కనబడితే అమ్మతో "ఒక్క నిమిషం" అనే బదులు "35 నిమిషాలు పడుతుందమ్మా, తిన్నాక ఆడతాను" అనగలం.

ఒంటరిగా ఆడే ఆటల్లో కూడా ఆపు లేకపోవడం నాకు అసలు మింగుడుపడదు. 2011లో వచ్చిన డార్క్ సోల్స్, 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ నాకు ప్రాణం. ఎప్పుడూ భయం వదలకూడదన్నది ఆ రూపకర్తల ఉద్దేశమైతే దాన్ని గౌరవిస్తాను. అయినా నెట్ కట్టేసి ఒక్కణ్ణే ఆడుతున్నప్పుడు తలుపు తీయడానికి లేస్తే నా పాత్ర చచ్చిపోనక్కర్లేదు. నాకంటే ఎక్కువ నష్టపోయేవాళ్లున్నారు. చంటిబిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకుని ఆడే తల్లి, మంచం పట్టిన మనిషిని కనిపెట్టుకుని ఉంటూ మధ్యలో కాసేపు ఆడుకునేవాళ్లు, చేతులు నొప్పి పుట్టి తరచూ ఆగాల్సినవాళ్లు. వీళ్లకు ఆపు లేదంటే ఆట లేదన్నట్టే.

2. ఎక్కడ ఆపితే అక్కడే సేవ్ కావాలి.

దీని గురించి ఎక్కువ రాయనక్కర్లేదు. తరువాతి చెక్‌పాయింట్, అంటే ఆట సేవ్ అయ్యే చోటు, ఎంత దూరమో తెలియక ఎన్ని రాత్రులు నిద్ర పాడుచేసుకున్నామో ఆడేవాళ్లందరికీ తెలుసు. సేవ్‌ను వాడుకుని మోసం చేస్తారని భయమైతే, బయటికి వెళ్లేటప్పుడు ఒకసారి సేవ్ చేసి, మళ్లీ తెరవగానే దాన్ని చెరిపేయండి. ఎన్నో ఆటల్లో ఇప్పటికే ఉన్న పద్ధతే ఇది.

3. రోజువారీ హాజరు ఎత్తేయండి.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. రోజూ లాగిన్ అయితే బహుమతి, వరుసగా ముప్పై రోజులైతే పెద్ద బహుమతి, ఒక్క రోజు తప్పితే మళ్లీ మొదటి నుంచి. బ్యాటిల్ పాస్‌కు, అంటే ఆడేకొద్దీ ఒక్కో బహుమతి తెరుచుకునే చీటీకి, డబ్బు కడతాం, గడువులోగా పూర్తిచేయకపోతే కట్టినదాంట్లో మిగిలింది పోతుంది. కాలేజీలో హాజరు తక్కువైతే డాక్టరు చీటీ చూపించవచ్చు, ప్రిన్సిపాల్‌తో మాట్లాడవచ్చు. మీ ఆటలో జ్వరానికి సెలవు లేదు, పరీక్షకు లేదు, చావుకు లేదు.

మొదటి సంవత్సరం చివరి పరీక్షలప్పుడు, హాలుకు ఫోన్ తీసుకెళ్లకూడదు కాబట్టి, నా పాస్‌వర్డ్ తమ్ముడికిచ్చి రోజూ నా బదులు లాగిన్ అవమన్నాను. వాడికి అప్పుడు పదకొండేళ్లు. ఐదు రోజులు మర్చిపోకుండా చేశాడు. ఆరో రోజు మర్చిపోయాడు. ఇంటికొచ్చి వాణ్ణి తిట్టాను. వాడు ఏడ్చాడు. ఆ రోజు పరీక్ష ఎలా రాశానో నాకు గుర్తులేదు గాని వాడి ముఖం గుర్తుంది. ఒక ఆట కోసం తమ్ముణ్ణి పనిలో పెట్టుకున్నాను, పని తప్పాడని కసిరాను. దాన్ని ఆట అనలేం.

దీనికి విరుగుడు కూడా మీ రంగంలోనే ఉంది. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో, సత్రంలో పాత్రను పడుకోబెట్టి ఆట ఆపేస్తే, మనం లేనంతసేపూ విశ్రాంతి జమ అవుతుంది. తిరిగి వచ్చాక శత్రువును కొడితే దక్కే అనుభవ పాయింట్లు ఆ జమ ఖర్చయిపోయేదాకా రెట్టింపు వస్తాయి. దూరంగా ఉన్నందుకు శిక్ష వేయడానికి బదులు కానుక ఇచ్చారు. 2021లో హేలో ఇన్ఫినిట్, 2024లో హెల్‌డైవర్స్ 2 కొన్న పాస్‌కు గడువు లేకుండా చేశాయి. ఇవి చిన్నాచితకా ఆటలు కావు. వాళ్లకు సాధ్యమైంది మీకూ సాధ్యమే. కొన్న పాస్ కొన్నవాడిదే ఉండాలి. వరుస తెగితే మొదటికి తోసేయకుండా, తెగిన చోటి నుంచే సాగనివ్వండి.

4. అదృష్టపు పెట్టెలు పిల్లలకు అమ్మకండి.

లూట్ బాక్స్ అన్నా గచా అన్నా ఒకటే: ఏం వస్తుందో తెలియకుండా డబ్బు పెట్టడం. ఎన్నోసారికి బహుమతి వస్తుందో తెలియనప్పుడు జీవి ఆగకుండా మీట నొక్కుతూనే ఉంటుందని మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ పావురాల మీద ప్రయోగాలు చేసి ఎప్పుడో చూపించాడు. ఆగే చోటు లేకుండా చేయడమే ఆ పెట్టె పని. అందుకే ఈ లేఖలో దానికి చోటిచ్చాను.

ప్రభుత్వాలు దీన్ని గమనించాయి. జపాన్ 2012లో "కంప్లీట్ గచా"ను, అంటే పెట్టెల్లో వచ్చే వస్తువులన్నీ జత కలిపితేనే అసలు బహుమతి ఇచ్చే పద్ధతిని, చట్టవిరుద్ధమంది. బెల్జియం జూదాల సంఘం 2018లో డబ్బుపెట్టి కొనే పెట్టెలను జూదమంది. 2022 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసులో ఫోర్ట్‌నైట్ సంస్థ, ఆటగాళ్లు కోరని కొనుగోళ్లకు 24 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. నిద్రాణంగా ఉన్న ఆటను లేపబోయి మీట నొక్కినా డబ్బు కట్ అయ్యేదన్నది ఆ కేసులో ఒక ఆరోపణ. 2025 జనవరిలో గెన్షిన్ ఇంపాక్ట్ సంస్థ 2 కోట్ల డాలర్లకు రాజీపడింది, 16 ఏళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రుల అనుమతి లేకుండా లూట్ బాక్సులు అమ్మబోనని ఒప్పుకుంది.

ఒక దేశం తరువాత ఒకటి మీ చేయి పట్టుకుని ఆపేదాకా ఎందుకు ఆగాలి? ప్రతి దేశంలోనూ పిల్లలకు ఇవి అమ్మడం మానేయండి. పెద్దవాళ్లకు అమ్మేచోట, వజ్రాలు, రత్నాలు, నాణేలు అంటూ లెక్క తెలియని మారకంలో కాకుండా అసలు డబ్బులో ధర రాయండి. ఈ నెల ఇప్పటిదాకా ఎంత ఖర్చుపెట్టామో కొనే మీట పక్కనే చూపండి.

5. రాత్రి మమ్మల్ని లేపకండి.

13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. "నీ శక్తి నిండింది, రా", "నీ కోట మీద దాడి జరుగుతోంది" అని అర్ధరాత్రి ఫోన్ మోగితే ఏ పిల్లవాడు పడుకుంటాడు? ఆట ఫోన్‌లోకి ఎక్కించినప్పుడే రాత్రి నోటిఫికేషన్లు ఆగి ఉండాలి. కావాలనుకున్నవాళ్లు తెరుచుకుంటారు.

6. మీరు ఆపేటప్పుడు మాకేం మిగులుస్తారో చెప్పండి.

మేం మూడు నిమిషాలు ఆపలేని ఆటను మీరు మాత్రం ఒక్క రోజులో శాశ్వతంగా ఆపేస్తారు. 2014లో విడుదలై, జనం డబ్బిచ్చి కొన్న ద క్రూ అనే కార్ల ఆట సర్వర్లు 2024 మార్చి 31న మూసేశారు. ఆ తరువాత ఒంటరిగా ఆడదామన్నా ఆట తెరుచుకోలేదు. అమ్మిన ఆటలను ఇలా మూసేయొద్దంటూ దాంతో మొదలైన ఉద్యమానికి ఐరోపాలో 2025 జులై నాటికి 10 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. అమ్మేది వస్తువును కాదు, వాడుకునే అనుమతిని మాత్రమే అయితే ఆ సంగతి ముందే చెప్పాలని కాలిఫోర్నియా 2024లో చట్టం చేసింది. పాత ఆటల పరిస్థితి ఇంకా ఘోరం. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో కొనడానికి దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. సర్వర్లు మూసే ముందు, నెట్ లేకుండా ఆడుకునే చివరి అప్‌డేట్ ఒకటి ఇచ్చి మూయండి. మా స్నేహాలు, మా ఎండాకాలం సెలవులు అందులో ఉన్నాయి.

ఇవి మీరు చేయకపోతే ఏమవుతుందో కూడా చూశాం. దక్షిణ కొరియా 2011లో, 16 ఏళ్లలోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఉదయం 6 గంటల దాకా ఆన్‌లైన్ ఆటలు ఆడకూడదని చట్టం తెచ్చింది. పదేళ్లు నడిపి, 2022 మొదట్లో ఎత్తేసింది. చైనా 2021లో పిల్లల ఆన్‌లైన్ ఆటను శుక్ర, శని, ఆదివారాల్లోనూ సెలవుల్లోనూ రాత్రి 8 నుంచి 9 దాకా, ఒక్క గంటకు కుదించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో 2022 జనవరి నుంచి గేమింగ్ డిజార్డర్ ఉంది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా జీవితం కంటే ఆటే ముందుకు రావడం, నష్టం కళ్ల ముందున్నా ఆపలేకపోవడం దాని లక్షణాలు. మామూలుగా ఏడాదిపాటు కనిపిస్తేనే ఆ పేరు పెడతారు. ఆడే ప్రతివాడూ రోగి కాడు, నేనూ కాను. కానీ ఆపలేకపోవడం అన్న మాట అక్కడ చదివినప్పుడు, నేను ఆడే ఆటల్లో ఎన్ని ఆపనివ్వకుండా తయారయ్యాయో లెక్కపెట్టుకున్నాను.

బయటి నుంచి తాళం వేయడం నాకు ఇష్టం లేదు. తాళం వేస్తే పిల్లలు పెద్దల పేరుతో ఖాతా తెరుస్తారు, అబద్ధం నేర్చుకుంటారు. మేం అడిగేది లోపలి గడియ, మా చేతికి అందేది. గడియ అంటే మా భాషలో తలుపు గడియే కాదు, 24 నిమిషాల కాలం కూడా. ఆ ఆదివారం తాతయ్య పిలిచేసరికి మ్యాచ్ మొదలై సరిగ్గా ఒక గడియ కూడా గడవలేదు.

ఈ లేఖ చదివే అమ్మానాన్నలకు ఒక్క మాట. "ఇప్పుడే ఆపెయ్" అనే ముందు "ఈ మ్యాచ్ ఎంతసేపు?" అని ఒకసారి అడగండి. నిజం చెబుతాం. చెప్పిన టైముకు లేవకపోతే అప్పుడు తిట్టండి, పడతాం.

సంస్థల పెద్దలకు చివరి విన్నపం. ఈ ఆరింటిలో ఏవి చేస్తారో, ఏవి చేయరో, ఎందుకు చేయరో ఒక మనిషి చేత జవాబు రాయించండి. యంత్రం పంపే జవాబు నా దగ్గర మూడు ఉన్నాయి. మొదటి విన్నపంలోని మ్యాచ్ నిడివిని తెర మీద చూపడానికి కొత్త ఆట కట్టాల్సిన పని లేదు, ఒక చిన్న అప్‌డేట్ చాలు. మీ వచ్చే అప్‌డేట్ వివరాల్లో ఆ ఒక్క వాక్యం కోసం చూస్తుంటాను.

ఇప్పుడు ర్యాంక్ మ్యాచ్‌కు కూర్చునే ముందు తాతయ్య గదిలోకి వెళ్లి, ఏమైనా కావాలా అని అడిగి, నా గది తలుపు తెరిచి ఉంచి ఆడుతున్నాను. ఒక చెవి హెడ్‌సెట్ బయటే ఉంటుంది.

ఇట్లు,
మీ ఆటలు ఆడే ఒక విద్యార్థి